పచ్చబడ్డ డైపరు ఒకటి కావలెను

ఆ గురువారం పొద్దున మూర్తి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. స్నానం, పూజ, రెండు దోశెలు, ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, బాల్కనీలోని రెండు సీసాలు, కారు, సజ్జా. పదకొండింటికి ఫ్యాక్టరీకి తహ్మీనా మేడం వస్తుంది. మూర్తి ఎడమచేతి సీసా ఎత్తి "ఇది మందు వేయనిది" అంటాడు. కుడిచేతి సీసా ఎత్తి "ఇది నేను మందు వేసినది" అంటాడు. "నేను" దగ్గర ఒక్క క్షణం ఆగాలని అద్దం ముందు అభ్యాసం కూడా చేశాడు. ఆ తర్వాత చప్పట్లు. అవి ఎవరు కొడతారన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

మూర్తి షార్జా శివార్లలోని సజ్జాలో ఒక డైపర్ల కంపెనీకి క్వాలిటీ మేనేజరు. తెనాలి నుంచి చుట్టాలెవరైనా ఫోన్ చేసి ఉద్యోగం ఏమిటని అడిగితే "పాలిమర్ కెమిస్టుని" అనేవాడు. ఇంకాస్త అడిగితే "హైజీన్ ప్రొడక్ట్స్" అనేవాడు. మరీ గుచ్చి గుచ్చి అడిగితే అక్కడ వానలు పడుతున్నాయా అని మాట మార్చేవాడు. యూనివర్సిటీలో ఫస్టు క్లాసు తెచ్చుకున్నవాడు పసిపిల్లల ఉచ్చ మీద బతుకుతున్నాడని ఒప్పుకోవడానికి అతనికి ఇంకా ధైర్యం చాలలేదు. ఈ కథ చెప్పేవాడు కూడా అలాంటి బాపతే కనుక ఆ బాధ తెలుసు.

డైపరు మధ్యలో పంచదారలాంటి తెల్లటి పొడి ఉంటుంది. తడి తగిలితే చాలు, గటగటా తాగి జెల్లయి కూర్చుంటుంది. దానికి ఉన్న జబ్బు ఒక్కటే. వేడీ ఉక్కా కలిసి, పొడిలో లేశమంత ఇనుము ఉందంటే, అది మెల్లగా పచ్చబడిపోతుంది. పనితనం ఏమీ తగ్గదు. కానీ కొత్త ప్యాకెట్టు విప్పగానే మధ్యలో పసుపుపచ్చటి మరక కనిపిస్తే, ఇది వాడినది కాదమ్మా, కెమిస్ట్రీ అని ఒక తల్లికి నచ్చజెప్పగల మగాడు ఇంకా పుట్టలేదు. ఎమిరేట్స్‌లో వేడికీ ఉక్కకీ కరువేమిటి? గోడౌన్లలో, కొట్ల అద్దాల వెనక, కంపెనీ సరుకు హాయిగా పచ్చబడుతూ వచ్చింది. పెద్ద సూపర్ మార్కెట్ల సంస్థలో కొనుగోళ్ళు చూసే తహ్మీనా మేడం ఆర్డరు ఆపేసింది. కంపెనీని నడిపే ముదీర్, లెబనాన్ పెద్దమనిషి, మూర్తిని గదిలోకి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆర్డర్ మళ్ళీ వచ్చిందా, నువ్వు నా తమ్ముడివి హబీబీ. రాలేదా, ఖలాస్. టికెట్ నేనే కొనిస్తా" అన్నాడు.

వీసా పోతే ఇల్లు పోతుంది, సుభద్ర ఇక్కడ ఇష్టపడి చేరిన టీచరు ఉద్యోగం పోతుంది. మూర్తి నిద్ర మానేసి మందు కనిపెట్టాడు. కనిపెట్టాడంటే మరీ పెద్ద మాట. లోకంలో చాలామందికి తెలిసిన మందునే ఇంటర్నెట్‌లో చదివి, తెప్పించి, ఎంత వేయాలో తేల్చాడు. పొడిలోని ఇనుమును పట్టుకుని కదలకుండా కట్టేసే మందు అది. దాన్ని పరీక్షించాలంటే వేడీ ఉక్కా పుట్టించే ఛాంబరు కావాలి. ల్యాబులో ఉన్నది ఎప్పుడో మూలపడింది. బాగు చేయించమంటే ముదీర్ కిటికీలోంచి ఆగస్టు ఎండను చూపించి "బయటంతా ఛాంబరే కదా" అన్నాడు. మూర్తి తగ్గుతాడా? "అవును సార్, మా బాల్కనీ ఒక్కటి చాలు" అనేశాడు.

అలా సుభద్ర ఆవకాయ సీసాలు రెండు షార్జా ఫ్లాటు బాల్కనీకి ఎక్కాయి. ఒకదాంట్లో మందు కలిపిన పొడి, ఇంకోదాంట్లో కలపనిది. మూతికి పల్చటి గుడ్డ కట్టి, పక్కనే నీళ్ళ బేసిన్ పెట్టాడు. "ఏంటండీ ఇవి?" అని సుభద్ర అడిగితే, మూర్తి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "కంపెనీ రహస్యం. ముట్టుకోకు. తర్వాత పెద్దవాళ్ళకి చూపించాలి" అన్నాడు. పెళ్ళయ్యాక భార్య దగ్గర దాచడానికి ఒక రహస్యం దొరకడం అదే మొదటిసారి. ఆ దర్జా వదులుకోలేకపోయాడు.

రెండు వారాల్లో బాల్కనీ తన పని తను చేసింది. మందు లేనిది అచ్చంగా పచ్చబడింది. ఉన్నది తెల్లగానే ఉంది. మూర్తి ఫోటోలు తీసి పంపితే తహ్మీనా మేడం కొట్టిపారేసింది. "ఫోటోలు నాకొద్దు మూర్తి సాబ్. ఫోన్లో నా మొహం కూడా తెల్లగానే పడుతుంది. రెండూ పక్కపక్కన పెట్టండి, నా కళ్ళతో నేను చూస్తా" అంది. మేడం వచ్చేసరికి ఫ్యాక్టరీలో మరొక్క పచ్చ ముక్క కంటబడకూడదని, వెనక్కి వచ్చిన సరుకంతా మూర్తి దగ్గరుండి మరీ మెషీన్లో వేయించి నుగ్గు చేయించాడు. ముందుచూపు గల మనిషి మరి.

నీలం చొక్కా గుండీలు పెట్టుకుంటూ బాల్కనీలోకి వచ్చాడు. రెండు సీసాలూ ఉన్నాయి. రెండూ తెల్లగా ఉన్నాయి. రెండూ సగం సగమే ఉన్నాయి.

మూర్తి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తెలుపు ఏమీ తగ్గలేదు.

"సుభద్రా! ఇందులో పచ్చది ఏమైంది?"

సుభద్ర చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మీరు స్నానంలో ఉండగా చూశానండీ. ఒకటి పాడైపోయింది, అట్టు మాడబోతున్నట్టు పచ్చగా! పెద్దవాళ్ళకి చూపించాలన్నారు, పరువు పోదూ? అందుకని అది పారబోసి, సీసా కడిగి తుడిచి, తెల్లదాంట్లోంచి సగం దీంట్లో పోశాను. ఇప్పుడు చూడండి, రెండూ కవల పిల్లల్లా లేవూ?"

"పారబోశావా? ఎక్కడ?"

"చెత్త గొట్టంలో. కిందికి జారిపోయింది. సింకులో పోయబోయాను గానీ, కడుగుతుంటే అంటుకున్న కాస్తా సగ్గుబియ్యంలా ఉబ్బి కూర్చుందండీ. బాబోయ్, ఏం పొడండీ అది?"

"కంపెనీ ర..." అని మూర్తి ఆగిపోయాడు. తర్వాత గొంతు పెంచాడు. "ముట్టుకోవద్దన్నానా లేదా?"

"అన్నారు. కానీ రోజూ నిద్దట్లో 'తెల్లగా ఉండాలి, తెల్లగా ఉండాలి' అని మూలుగుతుంటే పక్కన పడుకుని వినేది ఎవరు? ఉద్యోగం ఏమవుతుందోనని నాకు మాత్రం భయం ఉండదా?" అంది సుభద్ర. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూర్తికి ఆమె మీద రావాల్సిన కోపం రాలేదు. వచ్చినదంతా తన మీదే వచ్చింది. పచ్చదే ముఖ్యమని ఒక్క మాట చెప్పి ఉంటే ఆవిడ దానికి పూజ చేసి కాపాడేది.

లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీద నుంచే కిందికి దిగాడు. చెత్తగది దగ్గర నాతూర్, అంటే ఆ బిల్డింగు వాచ్‌మన్, చీపురు పట్టుకుని నిలబడ్డాడు.

"కచరా గాడీ అభీ గయా సాబ్. ఖలాస్" అన్నాడు, చెత్తబండి అప్పుడే వెళ్ళిపోయిందని తృప్తిగా. నెలకోసారైనా శుభ్రత గురించి ఆ నాతూర్‌కి క్లాసు పీకేది మూర్తే.

కారెక్కి కూర్చుని మూర్తి ఆలోచించాడు. కొత్తగా పచ్చబరచాలంటే రెండు వారాలు పడుతుంది. మేడం రెండు వారాలు చాయ్ తాగుతూ కూర్చోదు. ఆమెకి జరిగింది చెప్పేద్దామా? "మా ఆవిడ సాక్ష్యం పారబోసింది" అంటే నమ్ముతుందా? తనే అయితే నమ్మడు. మిగిలింది ఒక్కటే దారి. ఎమిరేట్స్ అంతా పచ్చబడి ఉన్న తమ సరుకులోంచి ఒక్క ప్యాకెట్టు సంపాదించాలి. అదెంత పని! రెండేళ్ళుగా ఏ కొట్టుకెళ్ళినా అదే కనబడి అతని పరువు తీస్తోంది కదా అనుకున్నాడు.

సిలాస్‌కి ఫోన్ చేశాడు. సిలాస్‌ది అమలాపురం పక్క పల్లెటూరు. సజ్జా నుంచి బర్ దుబాయ్ దాకా కొట్లకి కంపెనీ సరుకు వేసే వ్యాన్ సేల్స్‌మన్. పాత సరుకు కొట్లో తీయకుండా వదిలేస్తే మూర్తి చేత మొట్టమొదట చీవాట్లు తినేది అతనే.

"సిలాస్, నీ రూట్లో పచ్చబడ్డ ప్యాకెట్ ఎక్కడైనా ఉందా?"

"పచ్చదా? నా రూట్లోనా? ఏటండి సార్ ఆ మాట! ప్రభువు మీద ఒట్టండి, అన్నీ పాలల్లే ఉంటాయండి, ఆయ్."

"అది కాదయ్యా. నాకు పచ్చదే కావాలి."

"ఇప్పుడలాగే అంటారండి. ఉందని నేనన్నాక ఏమంటారో నాకు తెల్దాండి?"

"నిజంగా సిలాస్. బతిమాలుతున్నాను. ఒక్కటి చాలు."

క్వాలిటీ మేనేజరు బతిమాలడం సిలాస్ ఎన్నడూ వినలేదు. దాంతో అతని భయం రెట్టింపైంది. "లేవండి సార్, ఒక్కటంటే ఒక్కటి లేదండి" అని ఫోన్ పెట్టేసి, ఆ వేలితోనే సేల్స్‌మన్ల వాట్సాప్ గ్రూపులో హిందీలో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. మూర్తి సార్ పచ్చ సరుకు పట్టుకోడానికి స్వయంగా బయల్దేరాడనీ, ఈసారి కొత్త ఎత్తు వేసి బతిమాలుతున్నాడనీ, ఎవరూ నమ్మవద్దనీ, యల్లా, ఎక్కడున్న పచ్చ ప్యాకెట్లు అక్కడ తీసేసి వ్యానుల్లో వేసుకోమనీ దాని సారాంశం. గ్రూపు షార్జా, దుబాయ్, అజ్మాన్ దాటి రాస్ అల్ ఖైమా వరకు ఉంది. మూర్తి ఆ గ్రూపులో లేడు. అతన్నుంచి తప్పించుకోవడానికే ఆ గ్రూపు పెట్టారు.

సజ్జాలో లేబర్ క్యాంపుల వెనక ఒక మలబారీ కొట్టు ఉంది. కారు దూరంగా ఆపుతుండగానే మూర్తి గుండె గంతులేసింది. అద్దాల షోకేసులో, నిలువునా ఎండలో, తమ కంపెనీ ప్యాకెట్టు ఒకటి. దాని మీది పాప నవ్వు ఎండకి వెలిసిపోయి ఉంది. బయటే ఇలా ఉంటే లోపల ఎంత చక్కగా పచ్చబడి ఉంటుందో!

"వో షోకేస్‌వాలా ప్యాకెట్ దీజియే" అన్నాడు లోపలికెళ్ళి.

"వో దిఖానే కా హై సార్. తాజా లేలో" అన్నాడు కొట్టతను, అది చూపుకి పెట్టిందే, కొత్తది తీసుకోమని. అతనికి సిలాస్ ఫోన్ అప్పుడే వచ్చి వెళ్ళింది.

"తాజా నహీ. పురానా చాహియే. పీలావాలా" అన్నాడు మూర్తి, పాతదే, పచ్చదే కావాలని.

"పీలా?" కొట్టతని మొహం పాలిపోయింది. "హమారే పాస్ పీలా నహీ హై సార్. కభీ నహీ థా!"

"రెట్టింపు రేటు ఇస్తాను" అన్నాడు మూర్తి హిందీలో. అది చాలా పెద్ద పొరపాటు. పచ్చబడ్డ డైపరుకి రెట్టింపు రేటు ఇచ్చేవాడు తనిఖీకి వచ్చినవాడు కాక ఇంకెవడవుతాడు? కొట్టతను కుర్చీ వేశాడు, ఫ్యాను తిప్పాడు, చాయ్ ఇచ్చాడు, బిస్కెట్లు ఇచ్చాడు, పిల్లలెంతమందని అడిగాడు. మర్యాదలన్నీ అందుకుని మూర్తి వెనక్కి తిరిగేసరికి షోకేసులో సరికొత్త ప్యాకెట్టు. దాని మీద పాప నిండు రంగుల్లో నవ్వుతోంది.

ఆ తర్వాత వెళ్ళిన ప్రతి కొట్లోనూ అదే వరస. చాయ్, బిస్కెట్లు, తెల్లటి సరుకు. నాలుగో కొట్టతను ప్యాకెట్టు విప్పి డైపరు చింపి మరీ చూపించాడు, "చూడండి సార్, మంచులా లేదూ?" అని. తన చేతి మీదుగా ఇంత నాణ్యత ఇంత తక్కువ సమయంలో మార్కెట్లోకి వస్తుందని మూర్తి కలలో కూడా అనుకోలేదు. పొట్ట నిండా చాయ్‌తో కారెక్కాడో లేదో ముదీర్ ఫోన్.

"మూర్తీ! రాస్ అల్ ఖైమా డిస్ట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు. మార్కెట్ నుంచి సరుకు వెనక్కి తీసుకుంటున్నామట! ఈ రోజా? మేడం వచ్చే రోజా? ఎవరు చెప్పారు?"

"వట్టి పుకారు సార్."

"నువ్వెక్కడున్నావు?"

"మార్కెట్లో సార్. మన సరుకు ఎలా ఉందో చూస్తున్నాను."

"ఎలా ఉంది?"

"చాలా బాగుంది సార్" అన్నాడు మూర్తి. ఏడుపొక్కటే తక్కువ.

"మాషా అల్లా! సీసాలు రెడీనా?"

"రెండూ ఉన్నాయి సార్" అన్నాడు. అది అబద్ధం కాదు.

ఫ్యాక్టరీకి చేరాక మూర్తి ల్యాబుకి వెళ్ళలేదు. వారం నుంచి ప్లాంటులోని పొడికంతా మందు కలిపించి, మందు లేని పొడి దొరికే దారులన్నీ తానే మూసేశాడు. సీసాలు రెండూ సంకలో పెట్టుకుని దొంగలా వెనకదారిన క్యాంటీన్‌లో దూరాడు. క్యాంటీన్ వంట ఐజక్‌ది. కాకినాడ మనిషి. గురువారం అక్కడ ఇడ్లీలు. టిఫిన్లయిపోయి కుక్కరు ఖాళీగా పొగలు కక్కుతోంది.

"ఐజక్, కుక్కరు నాకు కావాలి. ఎవర్నీ లోపలికి రానివ్వకు."

వేడి, తడి. బాల్కనీ రెండు వారాల్లో చేసిన పని కుక్కరు గంటలో చెయ్యదా? చెయ్యదని ఏ కెమిస్టయినా చెబుతాడు. మూర్తి కూడా ఇంకొకడెవడైనా ఇలా చేస్తుంటే నవ్వి చెప్పేవాడే. ఇడ్లీ రేకుల్లో తడిగుడ్డ పరిచి, గుంటకింత పొడి పోసి, మూత పెట్టి మంట పెంచాడు. వీసా కోసం మొక్కుకున్నప్పుడు కూడా అంత భక్తిగా నిలబడలేదు.

కాసేపయ్యాక ఐజక్ మూత తీశాడు. పొడి ఆవిరి తాగి ఉబ్బి, ప్రతి గుంటలోనూ గుండ్రంగా పొంగింది.

"అబ్బబ్బ! మల్లెపూవుల్లా వచ్చాయండి సార్!" అన్నాడు ఐజక్ గుండెల మీద చెయ్యేసుకుని. "ఇన్నేళ్ళబట్టి ఏస్తన్నాను గానండి, నా చేత్తో ఒక్కసారైనా ఇంత తెలుపు రాలేదండి. ఏం పిండండి ఇది?"

"నోర్ముయ్యవయ్యా. ఇవి పచ్చబడాలి."

"ఇడ్లీ పచ్చబడాలాండి?"

మూర్తి మళ్ళీ మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు. ఇంకా తెల్లబడ్డట్టే అనిపించింది. ఇనుము తగిలితే పచ్చబడుతుందని కనిపించినవాడికల్లా పాఠం చెప్పిన మనిషి కనుక, మెయింటెనెన్సు వాళ్ళ డబ్బాలోంచి తుప్పుపట్టిన మేకులు గుప్పెడు తెచ్చి, ఒక్కో ఇడ్లీలో ఒక్కోటి గుచ్చాడు. గుచ్చినచోట చిన్న మరక పడింది. మిగతాదంతా మల్లెపూవే. తను వేసిన మందు ఇంత గట్టిగా పనిచేస్తుందని తెలిసి ఏడ్చిన శాస్త్రవేత్త ప్రపంచంలో మూర్తి ఒక్కడే అయి ఉంటాడు.

ఐజక్‌కి జాలి వేసింది. పోపులడబ్బా దగ్గరికి జరిపాడు. "సార్, ఇంత ఇదెందుకండి? చిటికెడు పసుపు జల్లితే అయిపోద్ది గదండి."

మూర్తి డబ్బా వంక చూశాడు. సుభద్ర కళ్ళలో నీళ్ళు గుర్తొచ్చాయి. చెయ్యి డబ్బా దాకా వెళ్ళింది, పసుపు వేళ్ళకి తగిలింది. ఎవరికి తెలుస్తుంది? కానీ ఆ తహ్మీనా మేడం వాసన చూస్తే? చెయ్యి వెనక్కి వచ్చింది. నిజాయితీ అడ్డొచ్చిందని రాయాలని ఉంది గానీ, భయమనడమే న్యాయం.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. ముందు ముదీర్, వెనక తహ్మీనా మేడం. ల్యాబు, ఆఫీసు, ప్లాంటు అన్నీ వెతికి వచ్చారు. ఇద్దరికీ కనిపించింది ఇది: నీలం చొక్కా ఒంటికి అతుక్కుపోయి, కళ్ళజోడు మీద ఆవిరి పట్టి, కుడిచేతి వేళ్ళకి పసుపంటి, మేకులు గుచ్చిన ఇడ్లీల ముందు నిలబడ్డ క్వాలిటీ మేనేజరు.

"క్యా హో రహా హై యే?" అంది తహ్మీనా మేడం.

అబద్ధాలకి ఓపిక లేక మూర్తి నిజం చెప్పేశాడు. "దీన్ని పచ్చబరచాలని చూస్తున్నాను మేడం."

"ఎప్పట్నుంచి?"

"వచ్చినప్పట్నుంచీ."

"అయిందా?"

"కావడం లేదు మేడం. ఆవిరి పెట్టాను. ఆపి మళ్ళీ పెట్టాను. తుప్పు మేకులు గుచ్చాను. ఏం చేసినా తెల్లగానే ఉండి చస్తోంది."

తహ్మీనా మేడం హ్యాండ్‌బ్యాగు బల్ల మీద పెట్టి దగ్గరికొచ్చింది. ఒక మేకు పీకి చూసింది. ఇడ్లీని చిదిమి చూసింది. నిజంగానే వాసన చూసింది. మూర్తి పసుపు వేళ్ళు వెనక దాచుకున్నాడు.

"చాలా కంపెనీలు చూశాను" అంది మేడం. "అందరూ సరుకు బాగుందని నిరూపించడానికే తంటాలు పడతారు. పాడుచెయ్యడానికి ఇంత కష్టపడ్డవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. బాగుంది. ఇక మందు లేనిది చూపించండి."

మూర్తి సీసాల వంక చూశాడు. ముదీర్ ముందుకొచ్చాడు. "మందు లేకపోయినా మా సరుకు పచ్చబడదు మేడం! ఎప్పుడూ పచ్చబడలేదు!"

"ఎప్పుడూ పచ్చబడకపోతే ఈ మందెందుకు? నన్ను ఇంతదూరం పిలిచిందెందుకు?" అంటూ మేడం బ్యాగు మళ్ళీ భుజానికి తగిలించుకుంది. ముదీర్ మూర్తి వైపు తిరిగాడు. ఆ చూపులో విమానం టికెట్టు స్పష్టంగా కనిపించింది. సుభద్రకి ఫోన్లో చెప్పాలా, ఇంటికెళ్ళి చెప్పాలా అని మూర్తి ఆలోచనలో పడ్డాడు.

ఇంతలో క్యాంటీన్ వెనక తలుపు ఎవరో మోకాలితో నెట్టారు. ఆ తలుపు బయట వెనక గోడౌను, దాని తాళం ఐజక్ దగ్గరే ఉంటుంది. చేతుల నిండా గడ్డం దాకా డైపరు ప్యాకెట్లు పేర్చుకుని, దారి కనబడక తడుముకుంటూ సిలాస్ లోపలికి వచ్చాడు.

"ఐజక్ బావా, తొందరగా ఆ గోడౌను తాళం తియ్యండి. బయట ఎనిమిది వ్యాన్లున్నాయి. రాస్ అల్ ఖైమాది కూడా వచ్చేసింది. మూర్తి సారు ఊరంతా తిరుగుతున్నాడంట, ఆయనొచ్చేలోపు మొత్తం దాచె..." అంటూ ప్యాకెట్ల పక్కనుంచి తల బయటపెట్టి చూసి, మూర్తిని చూశాడు. ముదీర్‌ని చూశాడు. ప్యాకెట్లన్నీ ఒక్కసారిగా కింద పడ్డాయి. ఒకటి పగిలి డైపర్లు మేడం కాళ్ళ దగ్గర పరుచుకున్నాయి. పచ్చగా, నిండుగా, ఏ బాల్కనీ చేయలేనంత చక్కగా పచ్చబడి ఉన్నాయి.

"తెల్లయ్యేనండి సార్" అన్నాడు సిలాస్. "కొంచెం పాతబడ్డాయండి అంతే."

మూర్తి వెళ్ళి సిలాస్‌ని గట్టిగా కౌగిలించుకున్నాడు. తనని పట్టుకోవడంలో అది కూడా ఒక పద్ధతేమోనని సిలాస్ కళ్ళు మూసుకున్నాడు. మూర్తి ఒక పచ్చ డైపరు చింపి, లోపలి పొడి ఇడ్లీ పక్కన పోశాడు. పొద్దున అద్దం ముందు చేసిన అభ్యాసం ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"ఇది మందు లేనిది మేడం. ఇది ఉన్నది" అన్నాడు. "నేను" అనడం మర్చిపోయాడు.

మేడం రెంటినీ మార్చి మార్చి చూసింది. బయటికి వెళ్ళి వ్యాన్ల తలుపులు తెరిపించి చూసింది. తిరిగొచ్చి, "కొత్త సరుకు పంపండి. కానీ షరతు. ఈ పాతది ఏ కొట్లోనూ ఉండకూడదు" అంది.

"ఉండదు మేడం!" అన్నాడు ముదీర్, గుటక కూడా వేయకుండా. "మీరు అడక్కముందే పొద్దున్నించి అన్ని ఎమిరేట్స్ నుంచీ వెనక్కి తెప్పిస్తున్నాం. ఇదంతా మా మూర్తి ప్లాన్. నా తమ్ముడు!" అని మూర్తి భుజం చుట్టూ చెయ్యి వేసి నొక్కాడు. చప్పట్లు ఐజక్ కొట్టాడు. అతను కొట్టింది ఇడ్లీల తెలుపుకి.

సాయంత్రం మూర్తి ఇంటికొచ్చి, సోఫాలో కూలబడి, మొదటినుంచి చివరిదాకా అంతా సుభద్రకి చెప్పాడు. ఉచ్చ దగ్గర్నుంచి ఇనుము దాకా ఏదీ దాచలేదు. ఆవిడ నవ్వలేదు, మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక మంచినీళ్ళు అందించి, "ఉద్యోగం ఉన్నట్టేగా?" అంది.

"ఉన్నట్టే."

"అయితే సరే. ఇంత రామాయణం దేనికండీ? 'పచ్చదే ముఖ్యం, పారేయకు' అని మొన్న ఒక్క మాట చెబితే సరిపోయేదిగా."

"కంపెనీ రహస్యం కదా మరి" అన్నాడు మూర్తి నీరసంగా.

"ఎనిమిది వ్యాన్ల సేల్స్‌మన్లకీ, వంటాయనకీ, మలబారీ కొట్టతనికీ తెలిసింది. నాకు తప్ప!" అని సుభద్ర లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి వంటింట్లోంచి ఆవిడ పగలబడి నవ్వడం వినిపించింది. కథంతా తలుచుకుంటూ మేకుల దగ్గరికి వచ్చి ఉంటుందని మూర్తి అనుకున్నాడు. తనకీ నవ్వొచ్చింది.

ముదీర్ మాట మీద నిలబడే మనిషి. తమ్ముణ్ణి తమ్ముడిలాగే చూసుకున్నాడు. ఇంత జరిగాక ఇక కాదనడన్న ధైర్యంతో మూర్తి మర్నాడే ల్యాబుకి కొత్త ఛాంబరు కావాలని మళ్ళీ అడిగాడు. ముదీర్ వెంటనే ఒప్పుకున్నాడు. వారం తిరక్కుండా ల్యాబుకి పెద్ద అట్టపెట్టె వచ్చింది, రిబ్బను కట్టి మరీ. అందులో నాలుగంతస్తుల స్టీలు ఇడ్లీ పాత్ర ఉంది.